పోయిన నిశ్శబ్దం

కిటికీ సందులోంచి గాలి ఈల వేస్తోంది.

సన్నని ఈల. ఆగుతుంది. మళ్ళీ వస్తుంది. ఎవరో వీధి చివర నిలబడి, పిలవాలా వద్దా అని తటపటాయిస్తున్నట్టు...

నిశ్శబ్దం పోయింది ఆ రోజే.

తాళంచెవి పోతే వెతుక్కోవచ్చు. గొడుగు పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. నిశ్శబ్దం పోతే ఎక్కడ వెతకాలి? ఎవరినడగాలి?

కంప్యూటరు మూడు రోజులు మొరాయించి, నాలుగో రోజు, మంగళవారం, పూర్తిగా కన్ను మూసింది. బాగుచేసే అతను ఇంటికే వచ్చాడు. నెమ్మదైన మనిషి. సాయంత్రానికల్లా పాటలన్నీ బయటికి తీశాడు. పూర్తయినవి పదకొండు, సగంలో ఉన్న పన్నెండోది. వాటి దరువులు, గొంతులు, తునకలు — గింజ కింద పడకుండా ఇచ్చాడు.

ఒక్కటి తప్ప.

“ఇంకోటి ఉండాలి, చూడండి. సరిగ్గా ఒక నిమిషం.”

“ఓ, అదా? విన్నానమ్మా. ఉత్తదే. ఏమీ లేదందులో. చోటు దండగని తీసేశా.”

మేలు చేసినవాడిలా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చెయ్యాలి? ఏమీ లేనిదాని కోసం గుండె ఆగినంత పనైందని ఎలా చెప్పాలి?

అతను వెళ్ళాక కిటికీ దగ్గర నిలబడింది.

గాలి ఈల వేస్తూనే ఉంది.

*

ఇంట్లో ఆమెను కత్తెర అంటారు.

పగలు బట్టలు కుడుతుంది. మిగతా వేళ తమ్ముడి ఊపిరి కత్తిరిస్తుంది.

వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ, పని మాత్రం అదే. తమ్ముడు ర్యాప్ పాడతాడు. వెనక ఏ కంపెనీ లేదు. పాట తమ్ముడిది, దరువు బావది, కత్తెర అక్కది. పన్నెండేళ్ళుగా ఆ ముగ్గురే, ఈ ఒక్క గదే. పాటల్లో తమ్ముడి పేరు గులకరాయి. బావ పేరు దరువు. ఆయన అసలు పేరు పెళ్ళిపత్రికలో తప్ప ఇంకెక్కడా కనబడదు.

“ముందు నాకు దరువు. ఆ తర్వాతే నీకు మొగుడు” అంటాడు తమ్ముడు అక్కతో.

“అవున్రా బావమరిదీ. పిల్లనిస్తున్నారనుకుని వచ్చా. నీ వెనకాల డోలు కొట్టడానికి అని ఎవరూ చెప్పలేదు” అంటాడు దరువు.

గులకరాయి మాట వడిగా వస్తుంది. ఏటవాలులో దొర్లే రాయిలా. పాదానికీ పాదానికీ మధ్య ఒక్కసారి — హుఁ — గాలి పీలుస్తాడు. ఆ ఊపిరిని ఆమె తీసేస్తుంది. తీసినచోట గుంట పడుతుంది. ఆ గుంటను ఉత్త శూన్యంతో నింపితే వినేవాడి చెవి తూలుతుంది, ఉందనుకుని లేని మెట్టు మీద కాలేసినట్టు. అందుకే గదిలోని నిశ్శబ్దాన్నే ముందుగా పట్టి ఉంచుకుని, అందులోంచి చిన్న ముక్క కోసి అక్కడ అతుకుతుంది.

అతుకు కనబడదు. కుట్టుపని చేసే చెయ్యి కదా.

“ఈయన అసలు ఊపిరి తీసుకోడా?” అని విన్నవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. గులకరాయికి పేరు తెచ్చింది అదే. ఊపిరి అక్కర్లేని పాటగాడు.

ఎంత మాట!

ఆ మాటకు అప్పట్లో ముగ్గురూ మురిసిపోయారు.

*

ఆ నిమిషాన్ని పట్టింది పన్నెండేళ్ళ కిందట.

దరువు అప్పటికింకా మొగుడు కాలేదు. తమ్ముడి స్నేహితుడు, అంతే. “పాట కంటే ముందు గది నిశ్శబ్దం కావాలి” అన్నాడు. నలుగురూ కూర్చున్నారు. నాలుగో మనిషి అమ్మ. తలుపు దగ్గర, ముక్కాలిపీట మీద.

“అమ్మా, ఒక్క నిమిషం మాట్లాడకు.”

“మాట్లాడితే ఏం? మీ నిశ్శబ్దం ఒలికిపోతుందా?”

“పోతుంది.”

“ఊపిరైనా పీల్చుకోవచ్చా? దానిక్కూడా మిమ్మల్నే అడగాలా?”

అందరూ పగలబడి నవ్వారు. మొదటిసారి పాడైంది. రెండోసారి తమ్ముడికి నవ్వాగలేదు. మూడోసారి కుదిరింది.

అమ్మ దూది మిల్లులో ఇరవై ఏళ్ళు చేసిన మనిషి. ఛాతీ నిండా పిల్లికూతలు. చిన్నప్పుడు అక్కాతమ్ముళ్ళు ఆమె వీపుకు చెవులానించి వినేవారు. “అమ్మా, నీ లోపలి పిల్లికి ఆకలేస్తోందట” అనేవారు. “దానికేం, మీకంటే నయం. అడక్కుండానే ఊరుకుంటుంది” అనేది అమ్మ.

ఆ నిమిషం చెడిపోకూడదని అమ్మ ఊపిరి బిగబట్టింది. బిగబట్టగలిగినంతసేపు. యాభై ఒకటో సెకనులో వదిలేసింది — మెల్లగా, దొంగలా... ఒక సన్నని కూత.

ఆ చివరి తొమ్మిది సెకన్లూ కత్తెర ఏ పాటలోనూ వాడలేదు. ముందరి యాభై ఒక్క సెకన్లనే తిప్పి తిప్పి పదకొండు పాటలకు అతుకులు వేసింది.

అమ్మ పోయి నాలుగేళ్ళు. ఫోటోలు ఉన్నాయి. గొంతు లేదు. పాటలు పట్టే ఇంట్లో అమ్మ గొంతు పట్టాలని ఎవరికీ తోచలేదు. రోజూ వినబడేదే కదా అనుకున్నారు. మిగిలింది ఆ తొమ్మిది సెకన్లే.

ఇప్పుడు అవీ లేవు.

*

పన్నెండో పాట శుక్రవారం రావాలి. రెండేళ్ళ తర్వాత వస్తున్న సింగిల్. అందరికీ చెప్పేశారు.

పాట పేరు ‘కోత’. తమ్ముడు చేసే పని అదే. వంటగట్లకు బండలు కోస్తాడు. కోత మిషను చప్పుడును దరువు అక్కడికే వెళ్ళి పట్టుకొచ్చాడు, దాన్నే తాళంగా కట్టాడు. ఆ తాళం మీద గులకరాయి —

‘ఊళ్ళో ప్రతి వంటింట్లో నా చేతి కోత ఉంది
ఏ వంటింట్లో నా దాహానికి ఒక గ్లాసు ఉంది?’

రెండో పాదం అయ్యాక పీలుస్తాడు. హుఁ.

బుధవారం పొద్దున కత్తెర కొత్త నిశ్శబ్దం పట్టబోయింది. కిటికీ పట్టనివ్వలేదు. గాలి, ఈల. సరే, అతుకుల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఊపిర్లు ఉన్నచోటే ఉంచి పాట మొత్తం విందాం అనుకుంది. పన్నెండేళ్ళలో అలా విన్నది ఎప్పుడూ లేదు. ఊపిరి రాగానే కొయ్యడమే తెలుసు. బియ్యంలో రాయి కనబడితే ఏరేస్తాం గానీ, చేతిలో పెట్టుకుని చూస్తామా?

హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుంది.

హుఁ — ఈల.

కిటికీ అనుకుంది. లేచి, సందులో గుడ్డ కుక్కింది.

హుఁ — ఈల.

ఫ్యాను అనుకుంది. ఆపింది.

హుఁ — ఈల.

తీగ వదులైందనుకుంది. కుర్చీ అనుకుంది. తన చెవే అనుకుంది. భయపడాల్సి వచ్చేముందు మనిషి ఎన్ని అనుకుంటుందో!

అప్పుడు గుర్తొచ్చింది. కిటికీ ఈల ఇవాళ్టిది. తమ్ముడు పాడింది పది రోజుల కిందట. ఆకు కదలని మధ్యాహ్నం. ఉక్కపోతకు చొక్కా విప్పేసి పాడాడు.

ఈల రికార్డింగులోనే ఉంది.

ఈల అతని లోపల ఉంది.

ఆ చప్పుడు ఆమెకు కొత్త కాదు. వీపుకు చెవి ఆనించి విన్నదే.

పాట ఆపేసింది.

*

కుట్టుపని చేసేవాళ్ళు ముక్కలు పారెయ్యరు. ఎప్పుడో ఏదో అతుక్కి పనికొస్తుందని మూట కట్టి ఉంచుతారు.

తమ్ముడి ఊపిర్లను కూడా ఆమె అలాగే దాచింది. పాటకొక మూట. పన్నెండేళ్ళ ఊపిర్లు. వాటిలో చప్పుడుంది కాబట్టి బాగుచేసే అతను వాటిని ముట్టుకోలేదు.

పదకొండో పాట మూట విప్పింది.

ఈల ఉంది.

పదోది. ఉంది. సన్నగా.

తొమ్మిదోది. లేదు... లేదు... మళ్ళీ విన్నది. ఒకేచోట, ఒకే ఊపిరిలో, వెంట్రుకంత — ఉంది.

ఎనిమిదోది. లేదు.

ఏడోదీ లేదు. ఆరోది శుభ్రమైన గాలి. వాన వెలిశాక తలుపు తీస్తే వచ్చే గాలి.

తొమ్మిదో పాట వచ్చి మూడేళ్ళయింది. తమ్ముడు పాత చోటు మానేసి, రాతిపొడితో అచ్చుపోసిన కొత్తరకం బండలు కోసే చోట చేరింది దానికి కొద్ది నెలల ముందు. అక్కడి దుమ్ము పిండిలా ఉంటుందని చెప్పేవాడు. చేత్తో పట్టుకుంటే చేతిలో ఉన్నట్టే తెలియదట.

మూడేళ్ళుగా అది పిలుస్తోంది.

మూడేళ్ళుగా ఆమె దాన్ని కత్తిరిస్తోంది.

చేతులారా. శ్రద్ధగా. అతుకు కనబడకుండా. అందరికంటే ముందు వినాల్సిన చెవి, అందరికీ వినబడకుండా చేసింది. కంచే చేను మేసింది. పైగా దేనితో కప్పింది? అమ్మ బిగబట్టిన ఊపిరితో.

మధ్యాహ్నం దరువు వచ్చాడు. ఆమె మూటలు విప్పింది. వినిపించింది. ఆయన చెవులకున్నవి తీసి బల్లమీద పెట్టాడు.

“మీకు ముందే వినిపించిందా?”

“మైకు తప్పనుకున్నా.” తెర మీద వేలు పెట్టి చూపించాడు. “అందుకే ఆ చోట్లలో తాళం ఒకటి ఎక్కువ వేశా. వినబడకుండా.”

గుడ్డ కుక్కిన కిటికీ ఊరుకుంది. అది ఊరుకోవడం కూడా భయంగానే ఉంది.

*

తమ్ముడు పని దిగి నేరుగా వచ్చాడు. కనుబొమల మీద తెల్ల దుమ్ము. చెవి తమ్మెల మీద తెల్ల దుమ్ము. ముప్పై నాలుగేళ్ళవాడు, గుమ్మంలో ముసలివాడిలా నిలబడ్డాడు.

“ఏంటే అక్కా, మొహాలు అలా వేలాడదీశారు? పాట బాలేదా? బావ దరువే తేడా అని నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నా.”

దరువు తిరిగి ఏమీ అనలేదు. అదే మొదటి అపశకునం.

ఆమె ‘కోత’లోంచి మాటలన్నీ తీసేసింది. దరువు తీసేసింది. ఊపిర్లు మాత్రమే ఉంచింది. పన్నెండేళ్ళలో మొదటిసారి తిరగేసి కత్తిరించింది.

“ఇందులో నా మాటలేవీ?” అన్నాడు తమ్ముడు నవ్వుతూ.

తర్వాత నవ్వు ఆగింది. కళ్ళు మెరిశాయి. చెవులకున్నవాటిని రెండు చేతులతో అదిమిపట్టుకున్నాడు.

“అక్కా! దొరికిందా? ఆ నిమిషం దొరికిందా? ఇది అమ్మే కదా!”

అక్క తెర వైపు చూసింది.

“అమ్మే. పిల్లి చూడు, ఎలా కూస్తోందో...”

అమ్మది ఒక్క ఊపిరే. ఇవి ఆగడం లేదు. ఒకటి. ఇంకోటి. రెండు పొట్టివి, ఒక పొడుగుది. తన పాటలో తను ఎక్కడెక్కడ పీలుస్తాడో ఏ పాటగాడికి తెలియదు? అతని పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి — ‘ఏ వంటింట్లో నా దాహానికి ఒక గ్లాసు ఉంది’...

హుఁ.

దుమ్ము కింద మొహం ఇంకా తెల్లబడింది.

“మరి గుడ్డ?” అంది అక్క.

మూతికి కట్టుకోమని ఆమె మూడు పొరల గుడ్డలు కుట్టి ఇచ్చింది. అరడజను. ఉతకడానికి వచ్చిన ప్రతిసారీ అవి శుభ్రంగా ఉండేవి. ఎంత జాగ్రత్తగా వాడుతున్నాడో అనుకుని మురిసింది.

“జేబులో పెట్టుకునేవాణ్ణే” అన్నాడు నేలచూపులు చూస్తూ. “మిషను తాళం వేస్తుంటే నోరు ఊరుకోదక్కా. మూతి కట్టుకుంటే మాటెలా తిరుగుతుంది? పాటలన్నీ అక్కడే కట్టాను. ఆ చప్పుడులో గట్టిగా పాడుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు...”

నోరు తెరిచి. ఆ పిండిలో. రోజంతా.

“మెట్లెక్కితే ఆయాసం వస్తోంది కొన్నాళ్ళుగా. వయసనుకున్నా.”

“ముప్పై నాలుగుకేం వయసురా!” అని దరువు అరిచాడు. అరిచి, బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి తీసి చూసుకున్నాడు. అరచేయి నిండా తెలుపు.

*

గురువారం ఆసుపత్రి. పొడుగాటి బల్ల. వరసగా దగ్గులు. ప్రతి దగ్గునూ కత్తెర చెవి కొలుస్తోంది. వద్దన్నా కొలుస్తోంది.

డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం ఆనించి విన్నది. వీపు మీద ఆనించి విన్నది. అక్క ఒకప్పుడు అమ్మ వీపుకు చెవి ఆనించిన చోటే.

“ఏం పని చేస్తారు?”

“బండలు కోస్తాను. పాటలు పాడతాను.”

“పాటల సంగతి సరే. ఏ బండలు?”

చెప్పాడు. డాక్టరమ్మ కలం ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ కదిలింది. ఆ క్షణం ఎంత పొడుగో అక్కకు తెలుసు. ఆమె రోజూ కోసి అతికే కొలత అది.

ఎక్స్‌రే తీశారు. స్కానింగు తీశారు. ఫలితం సోమవారం ఇస్తామన్నారు. అప్పటిదాకా దుమ్ములోకి వెళ్ళొద్దన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. అనకపోవడంలో ఏముందో అని ముగ్గురూ దారి పొడుగునా వెతుక్కున్నారు.

“పాట ఆపేద్దాం” అంది అక్క ఇంటికి రాగానే.

“ఎందుకు? రేపు రావాలిగా. చెప్పాం.”

“ఊపిర్లు కొయ్యాలి. నా వల్ల కాదురా.”

“కొయ్యకు” అన్నాడు తమ్ముడు. “కోస్తే మాత్రం, దేనితో అతుకుతావ్?”

అమ్మ నిశ్శబ్దం లేదు. దరువు కూర్చుని, తను ఎక్కువ వేసిన తాళాలన్నీ ఒక్కొక్కటే తీసేశాడు.

శుక్రవారం పాట నెట్‌లోకి వెళ్ళింది. ఊపిర్లతో.

బాగుందన్నారు. చాలామంది బాగుందనే అన్నారు. ఎవరో మాత్రం రాశారు — ‘ఈసారి పని శుభ్రంగా లేదు. మధ్యలో ఏదో ఈల వినిపిస్తోంది. చూసుకోండి.’

తమ్ముడు ఆ మాటను పైకి చదివాడు. “చూసుకోండట” అన్నాడు. నవ్వబోయాడు. దగ్గొచ్చింది.

ముగ్గురూ ఆ దగ్గు అయిపోయేదాకా ఆగారు. అది అయిపోవడానికి కొంచెంసేపు పట్టింది.

*

ఆదివారం పొద్దున తమ్ముడే అన్నాడు. “కొత్త నిశ్శబ్దం పట్టి చూద్దామక్కా. గది ఉంది. మనం ఉన్నాం.”

ఫ్యాను ఆపారు. కిటికీ సందులో గుడ్డ ఇంకోసారి బిగించారు. ముక్కాలిపీట తలుపు దగ్గరే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోలేదు. దాన్ని ఎవరూ తియ్యలేదు.

అక్క మీట మీద వేలు పెట్టింది.

“ఊపిరైనా పీల్చుకోవచ్చా?” అన్నాడు తమ్ముడు.

అమ్మ అడిగినప్పుడు ముగ్గురూ పగలబడి నవ్వారు. ఇప్పుడు దరువు తల పక్కకు తిప్పుకున్నాడు.

నొక్కింది.

గది తనలోకి తను సర్దుకుంది. ఎక్కడో దూరంగా ఒక బండి. అదీ పోయింది. తమ్ముడు ఊపిరి బిగబట్టాడు. అమ్మలాగే — భుజాలు కొంచెం పైకెత్తి, కళ్ళు నేలమీద పెట్టి. ఆమె అంకెలు చూస్తోంది. తొమ్మిది. పది. మెడ నరం లేచింది. పదిహేను. పదహారు. వదిలెయ్యరా అనాలని ఉంది. అంటే నిమిషం పోతుంది. అనకపోతే...

పంతొమ్మిది.

కూత.

ఆపింది.

“మళ్ళీ” అన్నాడు.

మళ్ళీ. ఇరవై ఒకటి. కూత.

“మళ్ళీ.”

పద్నాలుగు.

యాభై ఒకటి దాకా బిగబట్టింది అమ్మ. యాభై ఏళ్ళు దాటిన మనిషి, ఇరవై ఏళ్ళ దూది లోపల పెట్టుకుని, యాభై ఒకటి. ఆ అంకె ముగ్గురికీ తెలుసు.

“అక్కా” అన్నాడు గోడకు ఆనుకుని. “నేను బయటికెళ్ళి నిలబడితే, మీ ఇద్దరే పట్టొచ్చుగా?”

పట్టొచ్చు. అతను లేని నిశ్శబ్దం. అది చాలా శుభ్రంగా వస్తుంది. అతుకు ఎక్కడా కనబడదు.

ఆమె మీట మీంచి వేలు తీసేసింది.

“కూర్చో” అంది. “ఎక్కడికీ పోకు. కూర్చో.”

కూర్చున్నాడు. కిటికీలో గుడ్డ వదులైనట్టుంది. గాలి సన్నగా మొదలుపెట్టింది. ఆగుతోంది. మళ్ళీ వస్తోంది. ఏది కిటికీదో, ఏది తమ్ముడిదో పోల్చడానికి ఆమె చెవి రిక్కించింది. కాసేపటికి కళ్ళు కూడా మూసుకుంది.

రేపు సోమవారం. కాగితం తెచ్చుకోవాలి.

కొత్త నిశ్శబ్దం ఇంకా పట్టలేదు.